వైద్యశిక్షణలో ఉస్తాద్ అన్వేషణ

తరగతిలో పాఠం చెప్పిన ప్రతివారినీ గురువు అంటాము. కాని ఉర్దూలో 'ఉస్తాద్' అన్నప్పుడు, తన 'షాగిర్ద్'ను పేరుపెట్టి పిలిచి, తప్పు దిద్ది, పదిమందిలో పరిచయం చేసే వ్యక్తి స్ఫురిస్తాడు. వైద్యరంగంలో 'మెంటర్' అనే మాటకు అర్థం ఇంచుమించు ఇదే. హౌస్ సర్జన్‌గానో, పి.జి. విద్యార్థిగానో వార్డులో అడుగుపెట్టిన యువవైద్యులకు కత్తి పట్టే ఒడుపు, మరణవార్తను బంధువులకు తెలిపే తీరు, ఏ శాఖను ఎన్నుకోవాలన్న వివేకం గ్రంథాలలో లభించవు.

మరి ఈ ఉస్తాద్ అందరికీ దొరుకుతాడా? అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 2006లో ప్రచురించిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారం వైద్యవిద్యార్థులలో సగం మందికి కూడా మెంటర్ లేరు. అంతేగాక, మెంటర్‌ను సంపాదించుకోవడం తోటి పురుషులకంటే తమకే కష్టమని స్త్రీలు భావిస్తున్నట్లు అందులో తేలింది.

దీనికి ఆడపిల్లల బిడియమే కారణమని తేలికగా తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. మెంటర్‌ను సాధారణంగా ఎవరూ నియమించరు. ఆ సంబంధం పని మధ్య దానంతటదే ఏర్పడుతుంది. ఎక్కడ? ఆపరేషన్ ముగిసిన తరువాత దుస్తులు మార్చుకొనే గదిలో. అర్ధరాత్రి క్యాజువాలిటీ ఎదుటి టీ బండి వద్ద. సీనియర్ వాహనంలో ఇంటికి వెళ్ళే దారిలో. థియేటర్‌లో ఆరంభమైన చర్చ పురుషుల గదిలో కొనసాగుతుంది. అదే ఆపరేషన్‌లో నిలబడిన అమ్మాయి వేరొక గదిలో ఉంటుంది. పైగా పెద్ద డాక్టరుగారు కుర్రవానిలో తన యౌవనాన్ని చూసుకొని ముచ్చటపడతారు. సందేహాలతో పదేపదే ఆయన గదికి వెళ్ళిన అబ్బాయి శ్రద్ధగలవాడు. అదే పని అమ్మాయి చేస్తే నలుగురి నోళ్ళలో పడుతుంది. 2017లో పాశ్చాత్యదేశాలలో 'మీ టూ' ఉద్యమం చెలరేగిన పిమ్మట, స్త్రీలకు మెంటర్లుగా ఉండడానికి పురుషులు జంకుతున్న సంగతిని న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రిక 2018లో చర్చకు పెట్టింది. ఆ జంకుకు మూల్యం చెల్లించేది శిష్యురాలే గదా!

చరిత్రను చూస్తే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. ముత్తులక్ష్మీరెడ్డి 1907లో మద్రాసు వైద్యకళాశాలలో చేరినప్పుడు, శస్త్రచికిత్సాచార్యుడు కర్నల్ గిఫర్డ్ తన తరగతిలోనికి స్త్రీలను రానీయలేదనీ, ఆమె ఆ విషయంలోనే అత్యధిక మార్కులు సాధించిన తరువాత గాని మెత్తబడలేదనీ ప్రసిద్ధి. మగవానికి ముందు శిక్షణ, తరువాత పరీక్ష. ఆమెకు ముందే పరీక్ష!

మన హైదరాబాదు చూపిన మార్గం వేరు. 1885లో ఇక్కడి మెడికల్ స్కూలులో చేరిన రూపాబాయి ఫర్దూంజీ, ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ వద్ద క్లోరోఫాం ఇచ్చే విద్యను అభ్యసించి, ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరొందినది. లారీ ఆమెను మెచ్చుకొని ఊరుకోలేదు. రోగి ప్రాణాన్ని ఆమె చేతికి అప్పగించినాడు. ఈ భేదాన్ని గుర్తించాలి. నేడు అనేకమంది యువతులకు మంచి మాట చెప్పే పెద్దలు దొరుకుతున్నారు. క్లిష్టమైన కేసు వచ్చినప్పుడు, సదస్సుకు ఒకరిని పంపవలసినప్పుడు, 'ఈ అమ్మాయిని పిలవండి' అని ఆమె లేనిచోట ఆమె పేరు పలికేవారే అరుదు.

కనుక మన కళాశాలనుండి వైద్యవిద్యకు వెళ్ళే విద్యార్థినులు ఒకే ఉస్తాద్ కొరకు ఎదురుచూడనక్కరలేదు. శస్త్రకౌశలానికి ఒకరిని, థీసిస్‌కు ఒకరిని, కాపురమూ నైట్ డ్యూటీలూ నెట్టుకొచ్చిన అనుభవంకోసం మరొక అక్కయ్యను ఆశ్రయించవచ్చును. అయితే భారమంతా వారిమీదనే మోపడం న్యాయం కాదు. పేర్లు జతపరచి జాబితా అంటించినంతమాత్రాన మెంటర్లు పుట్టరు. చర్చ దుస్తుల గదిలో గాక అందరూ కూర్చొనే చోట, పగటివేళ, పనిగంటలలో జరగాలి. ఏ ఆపరేషన్‌లో ఎవరు సహాయకులుగా నిలిచినదీ థియేటర్ రిజిస్టరులో ఉండనే ఉంటుంది. ఏడాదికొకసారి ఆ పుటలు తిరగవేసి అందులో అమ్మాయిల పేర్లెన్ని ఉన్నవో లెక్కించడానికి ఏ కమిటీ అనుమతీ, ఏ నిధులూ అక్కరలేదు.