అడవిదారి నడకయు డబ్బాలోని బలమును

పెనుబల్లి ఖమ్మము జిల్లాలో సత్తుపల్లికి చేరువనున్న మండల కేంద్రము. ఊరు దాటి కొంతదూరము పోయినచో వరిచేలును మామిడితోటలును వెనుకబడి, కనకగిరి గుట్టలు కనబడును. ఆ గుట్టల కావల భద్రాచలము వైపునకు సాగిన అడవి కలదు. ఈ ప్రాంతపు పల్లెలలో తెల్లవాఱకమునుపే రహదారి వెంట పరుగెత్తు యువతీయువకులు కనబడుదురు. వారిలో పలువురు రక్షకభట శాఖలోనో అటవీ శాఖలోనో కొలువు కోరువారు. రక్షకభటుల ఎంపికలో పురుషులు 1600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తవలెను. అడవి బీటు అధికారి కాగోరు పురుషుడు 4 గంటలలో 25 కిలోమీటర్లును, స్త్రీ అంతే కాలములో 16 కిలోమీటర్లును నడువవలెను. పరుగు మొదలిడిన వారిలో కొందఱు సగము దూరముననే రొప్పుచు నిలిచిపోవుదురు. ఒక బాలిక అట్లే నిలిచిపోయిన దనుకొందము. ఆమె తండ్రి కూలి చేసి బ్రతుకువాడు. "డబ్బా త్రాగినగాని బలము రాదు" అని తోటివారు చెప్పుదురు.

ఆ డబ్బా అంగడిలో ముందువరుసలోనే యుండును. లోపల పాలు విఱుగగా మిగిలిన తేట నెండబెట్టి చేసిన పొడి యుండును. కిలో పొడి వెల రెండుమూడు వేల రూపాయలు. పైన కండలు తిరిగిన వీరుని బొమ్మ యుండును. ఆ కండలు మాత్రము డబ్బాలోనివి కావు. ఇట్టి పొడులను, మాత్రలను పూరకములందురు. ఆహారములోని కొఱతను పూరించునవి యని ఆ మాటకు అర్థము. కాబట్టి కొఱత యున్నదా, ఉన్నచో దేనికి, అనునదియే మొదట విచారింపవలసిన సంగతి.

ఈ అడవిలో పూర్వము వేటాడినవారి కథ ఇచ్చట కొంత పనికివచ్చును. వేసవిలో విత్తనపు పండుగ వచ్చినపుడు కోయపల్లెల మగవారు విల్లమ్ములు పట్టి గుంపుగా వేటకు వెడలెడివారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వేట నేరమైనది. జంతువులను కాపాడుటకు అది తగిన పనియే. అయినను, ఆ నడక తీరును, ఆ తిండి తీరును తెలిసికొనుట నేరము కాదు. ఎండిన సొరకాయ బుఱ్ఱలో జొన్నజావయో, చోళ్ల అంబలియో పోసికొని వారు బయలుదేరెడివారు. దారిలో తునికిపండ్లు, సారపప్పు దొరకెడివి. వేయించిన ఇప్పపూవు తీపి తిండి. దానిలో చక్కెర మెండు. జావలో పిండిపదార్థము, నీరు, ఉప్పు మూడును గలవు. నేడు క్రీడాకారులకై రంగురంగుల సీసాలలో అమ్ము పానీయములలోని ముఖ్యవస్తువులును ఇవియే. అయితే వేటగాండ్రకు ఏ లోటును లేదనుట సత్యము కాదు. వానకాలమున గాదెలు ఖాళీయైనపుడు అడవిగడ్డలు త్రవ్వి, వాని చేదు పోవునట్లు పాఱు నీటిలో నానబెట్టి తిని కాలము గడపినవారు వారు. ఆ దినములలో వారికి కావలసినది పొడి కాదు, కడుపునిండ తిండి.

నడకకు బలము ఎచ్చటనుండి వచ్చును? మనము తినిన అన్నము, జొన్న, సజ్జ చక్కెరగా మాఱి, కండలలోను కాలేయములోను గ్లైకోజెన్ అను రూపమున నిలువయుండును. ఈ నిలువ కొద్దిపాటిది. వేగముగా పరుగెత్తువానికి గంటన్నర, రెండు గంటలలో తఱిగిపోవును. అందుచేత 25 కిలోమీటర్లు నడువబోవువాడు ముందునాటి రాత్రి చక్కగా భుజించి, దారిలో అరటిపండో బెల్లపుముక్కయో తినుట మేలు. ఇంతకంటె ముఖ్యమైనది నీరు. ఖమ్మము ఎండలలో శ్రమించువాని యొడలినుండి గంటకు లీటరు చెమట పోవుట వింత కాదు. చెమటతో ఉప్పును పోవును. వట్టినీరే కడుపునిండ త్రాగుచు పోయినచో నెత్తురులోని ఉప్పు పలుచబడి, తలనొప్పి, వాంతి, ఒక్కొక్కపుడు మూర్ఛయు కలుగును. ఉప్పువేసిన మజ్జిగ దీనికి చాలును. లేనిచో లీటరు నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి త్రాగవచ్చును. దీనికి ప్రకటన చేయువారు లేరు గనుక దీని మహిమ పలువురికి తెలియదు.

ఇక మాంసకృత్తుల మాట. కండలు అరిగి మరల కట్టుకొనుటకు ఇవి కావలెను. 50 కిలోల తూకము గల పిల్లవానికి దినమునకు సుమారు 45 గ్రాములు చాలును. కఠినముగా సాధన చేయువానికి మఱికొంత ఎక్కువ వలయును. పొడి ఒక గరిటెలో సుమారు 24 గ్రాములు గలవు. రెండు కోడిగ్రుడ్లును 50 గ్రాముల వేరుసెనగలును కలిసి అంతే యిచ్చును. కందిపప్పు నూరు గ్రాములలో 22 గ్రాములు గలవు. చెఱువు చేప, పెసలు, పెరుగు ఉండనే యున్నవి. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 2024లో వెలువరించిన ఆహార సూచనలలో, కండలు పెంచుటకై ఇట్టి పొడులు వాడవలదని చెప్పినది. వానిలో చక్కెరయు, కృత్రిమపు తీపియు కలిపియుండ వచ్చునని కూడ హెచ్చరించినది. మఱియొక ప్రమాదము గలదు. కొన్ని పొడులలో డబ్బాపై వ్రాయని మందులు కలిసియుండును. పోటీలలో పరీక్ష జరిగినపుడు, తెలియక తింటినని చెప్పినంత మాత్రమున క్రీడాకారుడు తప్పించుకొనజాలడు. తన యొడలిలో చేరిన ప్రతి వస్తువునకు తానే బాధ్యుడని నియమము.

పూరకములన్నియు మోసములే యనుటయు పొరపాటే. క్రియాటిన్ అను దాని సంగతి చూడుడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, 1927లో కండలలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనెను. ఒక్క ఉదుటున బరువెత్తునపుడు, గభాలున పరుగందుకొనునపుడు మొదటి కొన్ని క్షణములు శక్తి నిచ్చునది ఇదియే. నేడు అంగళ్లలో అమ్ము క్రియాటిన్ పొడి అట్టి పనులలో కొంత సహాయపడునని పరీక్షలలో తేలినది. కాని గంటల తరబడి సాగు అడవినడకకు దానివలన లాభము స్వల్పము. పైపెచ్చు ఒంటిలో నీరు నిలిచి తూకము పెరుగును. క్రియాటిన్ కొంత మన శరీరమే తయారుచేసికొనును; కొంత చేపలనుండి, మాంసమునుండి లభించును. ఎదుగు వయసు పిల్లలకు వైద్యులు దీనిని సిఫారసు చేయరు.

కొఱత నిజముగా నున్నచోట పూరకము ప్రాణమునే నిలుపును. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు చిగుళ్లు కుళ్లి నీరసించిన 12 మంది నావికులకు ఇద్దఱిద్దఱికి ఒక్కొక్క తీరు చికిత్స చేసెను. నారింజలు, నిమ్మపండ్లు తినిన ఇద్దఱును అందఱికంటె త్వరగా కోలుకొనిరి. ఎత్తైన మంచుకొండలపై ఆకలి చచ్చును, వంటయు కష్టము. అట్టిచోట తేలికయైన పొట్లపు తిండి తప్పదు. 2014 మే 25న ఖమ్మము జిల్లా విద్యార్థి ఆనందకుమార్, నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖర మెక్కిరి. ఆ నాటికి పూర్ణ వయసు 13 ఏండ్ల 11 నెలలు. వారు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. ఆ బలము గురుకులపు భోజనముతో, నెలల తరబడి చేసిన సాధనతో వచ్చినది.

మన దేశమున యువతులలో మిక్కిలిగా కానవచ్చు కొఱత మాంసకృత్తులది కాదు, ఇనుముది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 19 ఏండ్ల వయసు బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. నెత్తురులోని హీమోగ్లోబిన్ తగ్గినచో ఊపిరి ఎంత పీల్చినను కండలకు ప్రాణవాయువు చాలినంత చేరదు. అడుగులు బరువెక్కును, గుండె దడదడలాడును. ఎంత వెలగల పాలపొడి త్రాగినను ఈ లోపము తీరదు. పాఠశాలలలో వారమున కొకసారి ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును గలవు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకుడు సుబ్బారావే. కండలోని శక్తిని కనుగొన్న చేయియే, నెత్తురునకు కావలసిన మందునకును కారణమయ్యెను. ఆ మాత్రను చేదని కిటికీలోనుండి విసరివేయు పిల్లలును లేకపోలేదు.

సగము దూరముననే రొప్పుచు నిలిచిన ఆ బాలిక డబ్బా కొనకమునుపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. దానికి రూపాయి ఖర్చు లేదు. హీమోగ్లోబిన్ తక్కువయని తేలినచో వైద్యుడు దినమున కొకటిగా మాత్ర లిచ్చును. మాత్రను భోజనమైన పిదప నిమ్మరసపు నీటితో మ్రింగవలెను. తేనీరు ఇనుమును ఒంటబట్టనీయదు గనుక దానిని గంట రెండుగంటలు ఆపవలెను. మునగాకు, తోటకూర, గ్రుడ్లు తినవలెను. వారమునకే ఫలము కనబడదు. నెత్తురు కోలుకొనుటకు రెండుమూడు నెలలు పట్టును.