వ్యాసం ఒక్కసారికి పుట్టదు

పోయిన నెల ఈ గోడపత్రికలో నేను పొడుపుకథలు రాసినాను. ఈసారి మా తెలుగు మేడం "వ్యాసం ఎట్ల రాయాలో నువ్వే రాయి. ఒకే వ్యాసాన్ని నాలుగుసార్లు రాసిందానివి నువ్వే కదా" అన్నారు. అందుకని రాస్తున్నాను. చివరి లైన్లు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు, చార్టు నేలమీద పరిచి పడుకొని రాసినాను.

మాకు ఇచ్చిన అంశం "నీటి విలువ". అంశం వినగానే నాకు సంతోషం వేసింది, ఎందుకంటే అది గైడులో ఉంది. స్టడీ అవర్‌లో అరగంటలో ఎక్కించేసినాను. "నీరు సకల ప్రాణికోటికి జీవనాధారము. భూగోళమున 71 శాతము నీటితో నిండియున్నది" అని మొదలుపెట్టి, "కావున మనమందరము నీటిని పొదుపుగా వాడుకొందుము గాక" అని ముగించినాను. ఒక్క అక్షరదోషం లేదు. మార్కులు బాగా వస్తాయనుకున్నా. నోటు తిరిగి వచ్చింది. మార్కులు లేవు. కింద ఎర్రసిరాతో ఒకే ఒక ప్రశ్న ఉంది: "ఇందులో నువ్వు యాడున్నావు?"

నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. పుస్తకంలో ఉన్నట్టు రాస్తేనే చదువు అని అనుకునేదాన్ని. మనం మాట్లాడేది పుస్తకానికి పనికిరాదని ఎవరూ చెప్పకనే నాకు తెలుసు. మీలో చాలామందికీ అట్లనే ఉంటుంది. మనలో సుగాలీలు ఉన్నారు, ఎరుకల వాళ్లు, యానాది వాళ్లు ఉన్నారు. మేము సుగాలీలం ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతాం, కదిరి బజారుకొస్తే సీమ తెలుగు, పరీక్షలో ఇంకో తెలుగు. మూడు ఇండ్లు మారినట్టు ఉంటుంది.

ఈ మాట మేడంతో అన్నాను. అప్పుడు ఆమె ఒక సంగతి చెప్పినారు. మీకూ తెలియాలని రాస్తున్నాను. నూరేండ్ల కిందట మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద గొడవ జరిగింది. ఇంటర్మీడియట్ పిల్లలు తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలి? పండితులు గ్రంథాల భాషలోనే రాయాలన్నారు. దాన్ని తేల్చడానికి ఒక ఉపసంఘం వేసినారు. అందులో ఉన్న గురజాడ అప్పారావు గారు ఎక్కువమంది మాటకు ఒప్పుకోకుండా 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చినారు. పిల్లలు బతికున్న భాషలో రాయాలని ఆయన వాదన. అప్పుడు ఆయన పక్షం గెలవలేదు. ఆయన 1915లో చనిపోయినారు. ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి గారు మాత్రం 1940 దాకా బతికి, ఆ పని విడవకుండా చేసినారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజుకే. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాళ్ల భాషలో పుస్తకాలు కూడా తయారు చేసినారు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మన లాంటోళ్ల పిల్లల పక్కన కూర్చున్న మనిషే తెలుగు వ్యాసం గురించి కూడా కొట్లాడినాడన్నమాట!

ఇంకోటి కూడా చెప్పినారు. ఫ్రాన్సు దేశంలో మొంటేన్ అనే ఆయన 1580లో వ్యాసాల పుస్తకం వేసి, దానికి "ప్రయత్నాలు" అని అర్థం వచ్చే పేరు పెట్టినాడంట. ఇంగ్లీషులో ఎస్సే అనే మాట దాన్నించే వచ్చింది. ప్రయత్నం అంటే తప్పు పోవచ్చు కదా. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

రెండోసారి రాసినప్పుడు ఇంకో తప్పు చేసినా. నేను ఉండాలన్నారు కదా అని నన్నంతా పోసినా. తాండా, ట్యాంకరు, ఎండిన బోరు, వేరుశనగ, మా మేకలు, తీజ్ పండగలో గోధుమ మొలకలకు నీళ్లు పోసేది, ఎనిమిది పేజీలు! మేడం చదివి నవ్వినారు. "తిమ్మమ్మ మర్రిమాను చూసినావా?" అని అడిగినారు. చూసినా, ఐదో తరగతిలో తీసుకుపోయినారు. కదిరికి పాతిక కిలోమీటర్లు ఉంటుంది. ఐదెకరాలకు దగ్గరగా పరుచుకొని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు. "అది వందల ఊడలు దిగిన చెట్టు. నీది ఇంకా చెట్టు కాలేదు, ఊడలు మాత్రం దిగినాయి. ఒక్కటి పట్టుకో" అన్నారు.

ఊడలంటే నాకు మర్రి కంటే ముందు శనగచెట్టు గుర్తొస్తుంది. వేరుశనగకు పూత అయినాక ఊడలు దిగుతాయి, అవి భూమిలోకి పోతేనే కాయ. అప్పుడు వాన లేకుంటే నేల గట్టిపడి ఊడ లోపలికి పోదు. పైకి చేను పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయలుండవు. నా ఎనిమిది పేజీలు అట్లాంటి చేనే.

నేను పట్టుకున్నది ట్యాంకరు. రెండేండ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో మా తాండాకు రెండు రోజులకొక ట్యాంకరు వచ్చేది. తెల్లారకముందే బిందెలు వరసలో పెడతారు, బిందె లేనివాళ్లు రాయి పెడతారు. ఇంటికి నాలుగు బిందెలు. ఇంతవరకు రాసినాక మేడం "నాలుగు బిందెలంటే ఎన్ని నీళ్లు?" అన్నారు. నాకు తెలీదు. వంటింట్లో అక్కను అడిగి అట్లాంటి బిందె తెచ్చుకొని లీటరు బాటిల్‌తో పోసి చూసినా. పదిహేను బాటిళ్లు పట్టింది. నాలుగు బిందెలు 60 లీటర్లు. మా ఇంట్లో ఆరుగురం. రెండు రోజులకు. లెక్క వేస్తే మనిషికి దినానికి 5 లీటర్లు. తాగేది, వండేది, కడిగేది అంతా అందులోనే. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో పల్లెటూర్లో మనిషికి దినానికి 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకున్నారు. మాకు వచ్చింది అందులో పదకొండో వంతు. ఈ లెక్క తేలినప్పుడు గైడులోని 71 శాతం కొట్టేసినా. ఆ నీళ్లు మా తాండాకు ఎప్పుడూ రాలేదు.

మరి మనకే ఎందుకిట్ల అని సోషల్ సార్‌ను అడిగినా. నైరుతి వానలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసిపోతాయంట, ఈశాన్య వానలు తూర్పు సముద్రం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలం తగ్గుతుందంట. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. (2022 నుంచి మన కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా మారింది గానీ మబ్బులు మారలేదు!) దీనికి ఒక పేరా సరిపోయింది.

కష్టమైంది తర్వాతి పేరా. ఒక పొద్దు ట్యాంకరు దగ్గర మా యాడి బిందె పడి నీళ్లు పోయినాయి, గొడవ అయింది. (యాడి అంటే మా భాషలో అమ్మ.) అది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించినా. గోడ మీద అందరూ చదువుతారు. "మీ అమ్మ నీళ్లకాడ కొట్లాడిందంట" అంటారేమోనని సిగ్గు. అయినా రాసినా: "మా అమ్మ నీటి కోసం అందరితో పోరాడింది." పోరాడింది అనే మాట నాకు బాగా నచ్చింది.

మా యాడి, బా బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నారు. ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు యాడికి ఈ పేరా చదివి, గోర్‌బోలిలో చెప్పినా. ఆమె కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను పోరాడలేదే. చంకలో నీ చెల్లెలు ఉండె. చెయ్యి జారింది. నీళ్లు నేలపాలు చేసినావని అందరూ నన్ను అంటాంటే నేను తల వంచుకొని నిలబడినా. ఆ బిందె కూడా మనది కాదు, మీ అత్తది. సొట్ట పోయింది, దానికే ఏడ్చినా" అనింది. నేను దూరంగా వరసలో రాయి దగ్గర నిలబడి ఉన్నా ఆ పొద్దు. అరుపులు వినిపించినాయి, అంతే. మిగిలిందంతా నేనే కట్టుకున్నా.

"అయితే తీసేయనా?" అన్నా. "ఉండనీ. ఉన్నట్టు రాయి" అనింది. ఆమెకు చదువు రాదు. మేడం తర్వాత నా వ్యాసం దిద్దింది ఆమెనే.

నాలుగో ప్రతిలో "పోరాడింది" లేదు. చెల్లెలు ఉంది, అత్త బిందె ఉంది, సొట్ట ఉంది. "యాడి" అనే మాట అట్లనే ఉంచమన్నారు మేడం, మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్తే చాలన్నారు. పోటీకి రెండు పేజీలే అన్నారు కాబట్టి తీజ్ గురించి రాసింది తీసేయాల్సి వచ్చింది. దానికి మాత్రం నాకు ఇంకా బాధగానే ఉంది, వచ్చే నెల విడిగా రాస్తా. ముగింపు ఇంకా కుదరలేదు. "పొదుపుగా వాడుకుందాం" అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. దినానికి 5 లీటర్లు వాడేవాళ్లకు పొదుపు గురించి నేనేం చెప్పేది?

ఆ ప్రతిని ఈ గోడపత్రిక కింద అట్టలో గుచ్చి పెట్టినాను. భోజనానికి లైను కట్టినప్పుడు చదవండి. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ గీత పెట్టండి. పెన్నుతో వద్దు, పెన్సిల్ దారంతో కట్టి ఉంది. శుక్రవారం స్టడీ అవర్‌లో తీసుకుంటాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని