గుట్టు చెప్పే అతుకు జన్యువు!

కాస్త నీరసం, ఎడమ డొక్కలో బరువు... అంతే. కొందరికైతే అవీ ఉండవు. వేరే పనిమీద రక్తపరీక్ష చేయించుకుంటే పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు లక్ష దాటి కనిపిస్తాయి! అప్పుడు డాక్టర్లకు వచ్చే మొదటి అనుమానాల్లో ఒకటి సీఎంఎల్... అంటే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. అవునో కాదో తేల్చేది మాత్రం జన్యుపరీక్షే.

ఈ జబ్బు ఉన్నవాళ్ల రక్తకణాల్లో 22వ క్రోమోజోము పొట్టిగా ఉంటోందని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ గమనించారు. మరి తెగిన ముక్క ఏమైంది? జవాబు దొరకడానికి పదమూడేళ్లు పట్టింది. షికాగో శాస్త్రవేత్త జానెట్ రౌలీ క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్లమీద పేర్చుకుని చూసేవారు. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటున్నాయని 1973లో తేల్చింది ఆమే. అలా ఒకదాని ఏబీఎల్ జన్యువు రెండోదాని బీసీఆర్‌కు అతుక్కుంటుంది. ఆ అతుకు నుంచి పుట్టే ప్రొటీన్ ఆఫ్ కాని మోటారులాంటిది. కణాలు పెరుగుతూనే ఉంటాయి.

జన్యువు అనగానే పిల్లలకూ వస్తుందేమో, సంబంధాలు తప్పిపోతాయేమో అని భయపడాల్సిన పనిలేదు. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, రక్తకణాల్లో తర్వాత ఏర్పడేది. వంశపారంపర్యంగా రాదు.

ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. మనదేశంలో అసలు కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటితే, హైదరాబాద్‌కు చెందిన నాట్కో సహా మన కంపెనీల జెనరిక్ మాత్రలు పదివేలలోపే దొరికాయి. అసలు కంపెనీ పేటెంట్ కోసం వేసిన కేసును 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

చిక్కల్లా ఇక్కడే. మాత్ర పడగానే ఒంట్లో బాగుంటుంది, తెల్లకణాలు దిగొస్తాయి. 'ఇంకా పరీక్షలెందుకు?' అనిపిస్తుంది. కానీ మామూలు రక్తపరీక్షకు దొరకని జబ్బు కూడా పీసీఆర్ పరీక్షకు దొరుకుతుంది. దీనికి ప్రతిసారీ ఎముక మూలుగ తీయక్కర్లేదు, చేతినుంచి కాస్త రక్తం చాలు. మొదట్లో మూడు నెలలకోసారి చేయించాలి. అతుకు జన్యువు మూడు నెలలకు 10 శాతంలోపు, ఏడాదికి 0.1 శాతంలోపు ఉంటే మందు బాగా పనిచేస్తున్నట్టు. వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మేలు. అంకె పెరిగితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న- 'మాత్రలు మానేశారా?' మానకపోయినా పెరిగితే ఆ జన్యువులో మార్పు వచ్చిందేమో మరో పరీక్షతో చూస్తారు. ఉదాహరణకు టీ315ఐ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు, మందు మార్చాల్సిందే.

మరి జీవితాంతం మింగాలా? ఏళ్ల తరబడి అతుకు జన్యువు దాదాపు కనిపించనంతగా తగ్గినవాళ్లలో కొందరికి డాక్టర్లే మాత్ర ఆపి చూస్తున్నారు. పిల్లలు కావాలనుకునే మహిళలకు ఇది పెద్ద ఊరట, ఎందుకంటే గర్భంతో ఉండగా ఈ మాత్రలు వాడకూడదు. ఆపినవాళ్లలో సుమారు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరునెలల్లోనే. వెంటనే కనిపెట్టి మళ్లీ మాత్ర మొదలుపెడితే చాలావరకు అదుపులోకి వస్తుంది. అందుకే ఆ ఆరునెలలూ నెలనెలా పీసీఆర్ చేయించుకోగలిగితేనే డాక్టర్లు మాత్ర ఆపడానికి ఒప్పుకుంటారు.