మీకు తెలుసా? మీ గ్రాఫిక్స్ కార్డు సైన్సుకూ పనికొస్తుంది

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఆటల కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డు, ఖాళీ వేళల్లో ప్రొటీన్ అణువు ఎలా మడత పడుతుందో లెక్కగట్టగలదు. 2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టు చేయించేది ఆ పనే. 2020లో కరోనా పరిశోధన కోసం జనం ఈ ప్రాజెక్టుకు జతచేసిన కంప్యూటర్లన్నీ కలిసి సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలు దాటేశాయి!

ఈ పని కోసం కార్డు కొనేటప్పుడు వేగంతో పాటు వాట్లూ చూడాలి. 200 వాట్ల కార్డు రాత్రింబవళ్లు పూర్తి పనిలో ఉంటే రోజుకు 4.8 యూనిట్ల కరెంటు, నెలకు 144 యూనిట్లు ఖర్చవుతుంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం అర్హులకు కరెంటు ఉచితం నెలకు 200 యూనిట్ల దాకానే. ఫ్యాను, ఫ్రిజ్ కూడా అందులోనే సర్దుకోవాలి.

మే నెల ఎండలకు కార్డు వేడి తోడైతే గదిలో ఉండలేం. అందుకే తక్కువ వాట్లతో ఎక్కువ పని చేసే కొత్త తరం మధ్యస్థాయి కార్డే మన ఊళ్లకు సరైనది.