తల్లిపాలు చాలనప్పుడు: రొమ్ముకు పట్టించడమా, పిండి పట్టడమా?

"నాకు పాలు పడడం లేదండీ." బాలింతల నోట నేను తరచుగా వినే మాట ఇది. ఈ మాట వెనుక నిజమైన కొరత ఉండవచ్చు, కేవలం అనుమానమూ ఉండవచ్చు. ఈ రెంటికీ చికిత్స ఒకటి కాదు. దీనికి తోడు ఇప్పుడు మరొక ప్రశ్న వచ్చి చేరింది. పాలు తీసే పంపు మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించిన తరువాత, బిడ్డను రొమ్ముకు పట్టించడం మేలా, లేక పంపుతో తీసి, కొలిచి పట్టడం మేలా అని తల్లులు అడుగుతున్నారు. ఇది ఇష్టాయిష్టాలను బట్టి తేల్చవలసిన విషయం కాదు. బిడ్డ స్థితినీ, తల్లి స్థితినీ చూసి నిర్ణయించవలసినది.

కొరత నిజమేనా?

బిడ్డ ఏడ్చినంత మాత్రాన పాలు చాలలేదని అనుకోరాదు. రొమ్ములు మెత్తబడినంత మాత్రాన పాలు ఎండిపోయినట్లూ కాదు. ప్రసవమైన కొన్ని వారాలకు రొమ్ముల బిగువు తగ్గడం సహజమే. పంపుతో తీసినప్పుడు తక్కువ పాలు రావడం కూడా కొరతకు నిదర్శనం కాదు. చక్కగా చప్పరించగల బిడ్డ సాధారణంగా పంపు కంటె ఎక్కువ పాలు తీయగలదు.

నమ్మదగిన గుర్తులు మూడు. మొదటిది మూత్రం. అయిదవ రోజు దాటిన తరువాత బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రంతో గుడ్డలు తడపాలి. రెండవది మలం. మొదటి రోజుల నల్లని విరేచనం పోయి, పసుపుపచ్చని విరేచనం రావాలి. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బరువు. పుట్టిన మొదటి రోజులలో బిడ్డ కొంత తగ్గడం సహజమే. ఆ తగ్గుదల నూటికి పది వంతులకు చేరితే వెంటనే వైద్యునికి చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. ఆపైన మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 20 నుండి 30 గ్రాములు పెరగాలి.

బిడ్డ మగతగా పడి ఉండి పాలకు లేవకపోయినా, ఆరు నుండి ఎనిమిది గంటలపాటు మూత్రం పోయకపోయినా, మాడు గుంట పడినా, పసిరికలు ఎక్కువవుతున్నా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. తక్షణం పిల్లల వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి.

పాలు పడే విధానం

ఆయుర్వేదం స్తన్యాన్ని రసధాతువుకు ఉపధాతువుగా చెప్పింది. తల్లి తిన్న ఆహారసారం నుండే పాలు ఏర్పడుతాయని దీని భావం. బిడ్డను తాకినా, చూచినా, తలచుకొన్నా స్తన్యం ప్రవర్తిస్తుందని సుశ్రుతసంహిత చెప్పింది. కోపం, శోకం, వాత్సల్యం లేకపోవడం స్తన్యనాశానికి కారణాలని కూడా అందులో ఉన్నది. మన పల్లెలలో దీనినే 'చేపు' అంటారు. దూడ పొదుగును కుమ్మనిదే ఆవు చేపదు.

నేటి శాస్త్రం ఈ సంగతినే మరింత వివరంగా చెబుతున్నది. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు అడుగుభాగాన ఉన్న గ్రంథి నుండి రెండు హార్మోనులు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారుచేస్తుంది, ఆక్సిటోసిన్ పాలను చేపుతుంది. బెదురు, నొప్పి, అవమానం ఆక్సిటోసిన్‌ను అణచివేస్తాయి. మరొక నియమం కూడా ఉన్నది. రొమ్ములో పాలు నిలువ ఉంటే తయారీ మందగిస్తుంది, ఖాళీ అయితే వేగం పుంజుకొంటుంది. బావిలో నీరు తోడినకొద్దీ ఊరినట్లే ఇదీ. కాబట్టి పాలను తరచుగా, పూర్తిగా తీసేది ఎవరు, బిడ్డయా పంపా అన్నదే మన అసలు ప్రశ్న.

బిడ్డ చప్పరించగలిగితే

నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉండి, నోటితో చక్కగా పట్టుకొనే బిడ్డకు రొమ్ము పట్టించడమే ప్రథమ చికిత్స. రోజుకు ఎనిమిది నుండి పన్నెండుసార్లు ఇవ్వాలి. రాత్రి పాలు మానరాదు. ప్రొలాక్టిన్ రాత్రివేళ అధికంగా ఉంటుంది.

పట్టే తీరును తప్పక గమనించాలి. బిడ్డ నోరు బాగా తెరచి, చనుమొననే కాక చుట్టూ ఉన్న నల్లని వలయాన్ని కూడా చాలామేరకు అందుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. చప్పరింతల నడుమ గుటక వినిపించాలి. చనుమొన పగులుతూ ఉంటే పట్టు సరిగా లేదని అర్థం. బిడ్డ నాలుక కింద తీగ బిగిసి ఉన్నదేమో వైద్యునికి చూపించాలి. ఒక రొమ్ము ఖాళీ అయిన తరువాత రెండవది ఇవ్వాలి. బిడ్డను బట్టలు లేకుండా తల్లి ఎదపై పడుకోబెట్టుకొంటే చేపు త్వరగా వస్తుంది.

పంపు ఎప్పుడు అవసరం?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, గ్రహణం మొర్రి ఉన్న బిడ్డ, చప్పరించే శక్తి లేని బిడ్డ, ప్రత్యేక విభాగంలో తల్లికి దూరంగా ఉంచిన బిడ్డ విషయంలో పాలు పిండి తీయక తప్పదు. ఇటువంటప్పుడు ప్రసవమైన మొదటి గంటలలోనే ఆరంభించాలి. రాత్రితో కలిపి రోజుకు కనీసం ఎనిమిదిసార్లు తీయాలి. ముర్రుపాలు జిగటగా, కొద్దిగా ఉంటాయి కాబట్టి మొదటి రెండు మూడు రోజులు పంపు కంటె చేతితో పిండడమే సులభం. ఆ కొద్దిపాటి చుక్కలను చెంచాలోకి తీసి పట్టవచ్చు.

ఉద్యోగానికి తిరిగి వెళ్ళే తల్లికి కూడా పంపు ఉపకరిస్తుంది. 2017లో వచ్చిన సవరణ మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. ఆ తరువాత ఆఫీసులో ఉన్న సమయంలో, బిడ్డ పాలు తాగే వేళలకే పాలు తీస్తూ ఉంటే ధార తగ్గదు. ఇంట ఉన్నప్పుడు మాత్రం బిడ్డకే ఇవ్వాలి.

పంపు గరాటు చనుమొనకు సరిపోవాలి. ఇరుకైనా వదులైనా నొప్పి పుడుతుంది, పాలు రావు. నొప్పి భరించి తీసినంత మాత్రాన పాలు పెరగవు.

రెండూ కలిపి చేయవలసి వస్తే

బిడ్డ చప్పరిస్తున్నా బరువు పెరగకపోతే మూడు పనులు వరుసగా చేయాలి. ముందు రొమ్ము పట్టించాలి. తరువాత చాలని పాలను ఉగ్గుగిన్నెతో పట్టాలి. ఆపైన తల్లి పది పదిహేను నిమిషాలు పాలు తీయాలి. తీసిన పాలు తరువాతి వేళకు పనికివస్తాయి. ఈ పద్ధతి ఫలిస్తుంది గాని తల్లిని బాగా అలసట పెడుతుంది. రోజుకు ఎనిమిదిసార్లు ఈ మూడూ చేసే స్త్రీకి నిద్ర ఎక్కడిది? అందుచేత దీనిని గడువు లేకుండా సాగించరాదు. నాలుగైదు రోజులకొకసారి బిడ్డను తూచి, వారం పది రోజులలో వైద్యునితో ఆలోచించి, పంపును తగ్గించడమో మరొక మార్గం చూడడమో చేయాలి.

చాలని పాలకు మొదటి స్థానం తల్లి తీసిన పాలదే. తరువాతిది తల్లిపాల బ్యాంకు పాలది. ఆసియాలో మొదటి పాల బ్యాంకు 1989లో ముంబాయి సయాన్ ఆసుపత్రిలో ఏర్పడింది. అవీ లభించనప్పుడు వైద్యుడు చెప్పిన డబ్బాపాలు ఇవ్వవచ్చు. పొడి మిగులుతుందని పలుచగా కలపడం ప్రమాదం. ఆరు నెలలలోపు నీళ్ళు కలిపిన ఆవుపాలు, గేదెపాలు, తేనె పనికిరావు.

తీసిన పాల జాగ్రత్త

సుమారు 25 డిగ్రీల వేడి ఉన్న గదిలో తీసిన పాలు నాలుగు గంటలు నిలువ ఉంటాయి. మన వేసవిలో వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. తలుపు దగ్గర కాక లోపలివైపు ఉంచితే నాలుగు రోజులు ఉంటాయి. కాచరాదు. గిన్నెను వేడినీళ్ళలో ఉంచి నులివెచ్చన చేయాలి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. పంపులో పాలు తగిలే భాగాలను వాడిన ప్రతిసారీ సబ్బుతో కడగాలి.

ఆహారం, ఔషధం

బాలింతకు నీళ్ళు తక్కువగా ఇవ్వడం కొన్ని ఇళ్ళలో పథ్యంగా సాగుతున్నది. ఇది మానాలి. దాహమైనప్పుడల్లా తాగనివ్వాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. కారంపొడి అన్నంతో ఇది తీరదు. పప్పు, ఆకుకూర, పాలు, నువ్వులు, వెల్లుల్లి వేసిన కూరలు, మాంసాహారులకు చేపలు ఉండాలి.

చరకుడు స్తన్యజనన ద్రవ్యాలుగా వరి, దర్భ, కుశ, రెల్లు మొదలైన పదింటి వేళ్ళను చెప్పాడు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది శతావరి, అంటే పిల్లిపీచర. దీనిని పాలలో కలిపి వైద్యుని సలహాతో తీసుకోవచ్చు. మెంతులు వంటలో మంచివే. మోతాదు పెంచి మందుగా వాడాలంటే మధుమేహం ఉన్నవారు ముందుగా వైద్యుని అడగాలి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. రొమ్మును ఖాళీ చేయకుండా ఏ ఔషధమూ పాలను నిలబెట్టలేదు.

థైరాయిడ్ లోపం, ప్రసవంలో అధిక రక్తస్రావం, గర్భాశయంలో మాయముక్క నిలిచిపోవడం, పూర్వపు రొమ్ము ఆపరేషన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కూడా పాలను తగ్గిస్తాయి. వీటిని పరీక్షించి తెలుసుకోవాలి.

ఇంటివారికి ఒక మనవి

అన్నీ చేసినా కొందరు తల్లులకు పూర్తిగా పాలు పడవు. అది వారి దోషం కాదు. సగం పాలు ఇచ్చినా ఆ సగమూ బిడ్డకు మేలే. "మా కాలంలో ఇటువంటివి ఎరుగము" అన్న అత్తగారి మాట, సుశ్రుతుడు చెప్పిన శోకమై ఉన్న కొద్దిపాటి చేపునూ ఆపగలదు. దానికి బదులు ఉగ్గుగిన్నె అందుకొని ఒక పూట బిడ్డకు పట్టి, కోడలిని రెండు గంటలు నిద్రపోనివ్వండి. భర్త పంపు కడిగి పెట్టవచ్చు. బిడ్డ కడుపు నిండడం, తల్లి కోలుకోవడం, ఈ రెండూ జరిగే మార్గమే ఆ ఇంటికి సరైన మార్గం.