వేపచెట్టు కింది అమెరికా జీపు

విహారయాత్రకు హైదరాబాదు వెళ్ళినప్పుడు మీలో కొందరైనా చౌమహల్లా ప్యాలెసులో నిజాం నవాబుల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూసే ఉంటారు. అది ఇంగ్లండు కారు. కళ్ళతో చూడవలసిందేగాని చెయ్యి వేయనివ్వరు. ఈ నెల మనం చెప్పుకోబోయే బండి పుట్టుకచేత అమెరికాది. దానికోసం హైదరాబాదు దాకా వెళ్ళనక్కరలేదు. దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో ఏ వేపచెట్టు కిందనో, ఏ మెకానిక్ షెడ్డు వెనకనో టైర్లు మట్టిలోకి కుంగి, బానెట్టు మీద కోళ్ళు ఎక్కి కూర్చున్న పాత జీపు ఒకటి మీ కంటపడవచ్చు. పాత ఇనుప సామాన్లవాడు తూకానికి అడుగుతూనే ఉంటాడు. దాన్ని అమ్మేయాలా, మళ్ళీ నడిపించాలా?

ఆ అమెరికా బండి నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఎలా వచ్చిందో ముందు చూద్దాం. 1940లో అమెరికా సైన్యం కొండా గుట్టా ఎక్కగల తేలిక బండి కావాలంది. బాంటమ్, విల్లీస్, ఫోర్డు కంపెనీలు నమూనాలు చేశాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం తరువాత మహీంద్రా వారు విల్లీస్ జీపు భాగాలను తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు భాగాలు కూడా ఇక్కడే తయారు కాసాగాయి.

అమెరికా కార్లు అంతకుముందూ లేకపోలేదు. 1928 నుంచి జనరల్ మోటార్స్ వారు బొంబాయిలో షెవ్రొలే కార్లు కూర్చేవారు. డాడ్జి, ప్లిమత్, స్టూడిబేకర్ కార్లనూ మన దేశంలోనే బిగించిన రోజులున్నాయి. అయితే కేవలం భాగాలు తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారు చేయాలని 1953లో ప్రభుత్వం షరతు పెట్టింది. మరుసటి ఏడే జనరల్ మోటార్స్ కార్ల పని మూసేసింది. విడిభాగాలు దొరకక పెద్ద కార్లు చాలావరకు మూలపడ్డాయి. జీపు మాత్రం మిగిలింది.

1959 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. తరువాత సమితి జీపు అనే మాట పల్లెల్లో వాడుకమాట అయింది. మీ తాతగారిని అడిగి చూడండి, బి.డి.ఓ. గారి జీపు వెంట పరుగెత్తిన కథ ఒకటైనా చెబుతారు. అరిగిపోయిన సర్కారు జీపులను వేలం వేస్తే రైతులు, వ్యాపారులు కొనుక్కున్నారు. చెట్టు కింద ఉన్నది అలాంటిదే కావచ్చు.

జేబులో ఒక అయస్కాంతం వేసుకొని దాని దగ్గరికి పదండి. గట్టిగా అతుక్కుంటే కింద ఇనుప రేకు ఉన్నట్లే. రంగు బాగానే ఉండి అయస్కాంతం జారిపోతే అక్కడ రేకు తినిపోయిందనీ, ఎవరో పుట్టీ పెట్టి రంగు కప్పారనీ అర్థం. మట్టి పేరుకొనే ఛాసిస్ మూలలు, కాళ్ళ కింది రేకు, యాసిడ్ చిందే బ్యాటరీ అడుగు - వీటిని తప్పకుండా చూడండి.

తుప్పు గురించి మీరు రసాయనశాస్త్రంలో చదివారు. మన వైపు జంగు అంటాం. ఇనుము, ఆక్సిజను, నీరు కలిస్తే అది పుడుతుంది. అల్యూమినియం మీద పుట్టే ఆక్సైడు పొర గట్టిగా అతుక్కొని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. పొరలుగా రాలిపోయి కింది ఇనుమును మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పైగా అది పోయిన ఇనుము కంటె రెట్టింపు మించిన చోటు ఆక్రమిస్తుంది. అందుకే నట్టూ బోల్టూ బిగుసుకుపోయి కదలవు.

ఇక్కడ మన మెట్టప్రాంతానికి ఒక మేలు ఉంది. మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో సముద్రపు ఉప్పు తేమలో కరిగి విద్యుత్తును తేలికగా పోనిస్తుంది, తుప్పు వేగం పెరుగుతుంది. పాలమూరు గాలి ఏడాదిలో చాలా నెలలు పొడిగా ఉంటుంది. ఇరవై ఏళ్ళు చెట్టు కింద ఉన్నా ఇనుము బతికి ఉండవచ్చు. మన ఎండ మాత్రం రబ్బరునూ సీట్లనూ రంగునూ వదలదు.

బిగుసుకున్న బోల్టుకు గ్యాసునూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. సన్నని సందుల్లోకి అది కేశనాళికీయత వల్ల పాకుతుంది. తరువాత పానా పట్టాలి. ఏ పానా? అమెరికా బండి బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా పట్టినట్లే ఉంటుందిగాని 0.3 మిల్లీమీటరు వదులు. బలం మూలల మీద పడి బోల్టు తల గుండ్రమవుతుంది. ఈ పాఠం నేను మూడు బోల్టులు పాడుచేసి నేర్చుకున్నాను.

తుప్పు పట్టిన చిన్న భాగాలను శుభ్రం చేయడానికి మీ ప్రయోగశాల విద్య పనికివస్తుంది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలపండి. తుప్పు భాగాన్ని బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికీ, ఒక పాత ఇనుపరేకును ధనధ్రువానికీ కలిపి, రెండూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. కొన్ని గంటల్లో ఎర్రని తుప్పు నల్లగా మారి వదులవుతుంది. బ్రష్షుతో తోమితే రాలిపోతుంది. ధ్రువాలు తారుమారైతే మీ భాగమే కరుగుతుంది సుమా! ఇందులో హైడ్రోజను వెలువడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా, సైన్సు మాస్టారో మెకానిక్ చాచానో పక్కన ఉండగానే చేయాలి. రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె వాడకండి, అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్ళలో కలుస్తుంది. బయటికి తీసిన భాగాన్ని వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడుతుంది.

ఇంజను సంగతి చూద్దాం. విల్లీస్ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 79.4 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 111.1 మిల్లీమీటర్లు. నాలుగింటి ఘనపరిమాణం లెక్కకట్టండి, దాదాపు 2,200 ఘన సెంటీమీటర్లు వస్తుంది. వ్యాసం కంటె నడక పొడవు ఎక్కువ గనుక ఈ ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగుతుంది. చెరువుకట్టలు ఎక్కడానికి అదే కావాలి.

అన్నిటికంటె మన జిల్లాల్లో దీన్ని చంపేది నీళ్ళు. నల్లగొండ నీటి పేరెత్తగానే మీకు ఫ్లోరైడు గుర్తుకొస్తుంది. అది ఎముకలకు శత్రువు. రేడియేటరు శత్రువు వేరు - నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు. వేడికి అవి విడిపోయి కార్బొనేటుగా పేరుకుంటాయి. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు అదే. రేడియేటరు సన్నని గొట్టాల్లో ఆ పెచ్చు కడితే నీళ్ళు తిరగవు, వేడి బయటికి పోదు. ఊరి బావి నీళ్ళు పోసి జీపును తోలిన డ్రైవర్లు ఎండాకాలంలో దారిపొడుగునా ఆగి మూత తీయవలసివచ్చేది. (వేడి మీద మూత తీయకండి, ఆవిరి ముఖాన కొడుతుంది.) పెచ్చును బలహీనమైన సిట్రిక్ ఆమ్లంతో కరిగించవచ్చు. ఆ తరువాత స్వేదనజలం, కూలెంటు మాత్రమే పోయాలి.

బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులో 12 వోల్టులో. ప్లగ్గులో రవ్వ పుట్టడానికి వేల వోల్టులు కావాలి. ఆ పెంచే పని ఫారడే చెప్పిన ప్రేరణ సూత్రానిదే. పాయింట్లు విడిపోగానే కాయిల్లో ప్రవాహం ఆగి, అయస్కాంత క్షేత్రం కూలి, ఎక్కువ చుట్లున్న రెండవ తీగలో అధిక వోల్టేజి పుడుతుంది. పాయింట్ల నడుమ సందు సుమారు అర మిల్లీమీటరు. ఎన్నో ఏళ్ళుగా పలకని ఇంజను ఈ సందులో మసి గీకేయగానే పలకడం కద్దు.

పెట్రోలు కూడా మారింది. 2000 నుంచి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. 2025లో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలనూ కార్కు ప్యాకింగులనూ పాడుచేస్తుంది. వాటిని కొత్తరకం రబ్బరుతో మార్చాలి. టాంకులో పెట్రోలును నెలల తరబడి నిల్వ ఉంచకూడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. బానెట్టు ఎత్తి చూస్తే అందులో విల్లీస్ ఇంజను ఉండకపోవచ్చు. 1973లో చమురు ధర మండిపోయిన తరువాత ఎందరో యజమానులు పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించారు. క్యూబాలోనూ ఇదే జరిగింది. 1960 తరువాత అమెరికా వర్తకం ఆగిపోవడంతో హవానా మెకానిక్కులు షెవ్రొలే, బ్యూక్ కార్లలో దొరికిన ఇంజనల్లా బిగించి నడిపారు. అలా మార్చకపోతే ఆ బండ్లు ఎప్పుడో తూకానికి పోయేవి.

కాని 2021 జులైలో కేంద్రప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం పురాతన వాహనంగా నమోదు కావాలంటే బండికి 50 ఏళ్ళు దాటాలి, ఇంజనులోగాని ఛాసిస్‌లోగాని బాడీలోగాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అప్పుడే నంబరు పలకలో ‘వి.ఎ.’ అక్షరాలు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ పనికి తిప్పరాదు. నియమంలో న్యాయం లేకపోలేదు, లేకుంటే పాత రేకు తొడిగిన ప్రతి బండీ పురాతనమే అంటారు. అయినా నాకు ఒక మాట తోస్తుంది. దొర బంగళాలో కదలకుండా ఉన్న కారుకు గుర్తింపు ఉంది. యాభై ఏళ్ళు చాకిరీ చేసి, బతకడానికి ఇంజను మార్చుకున్న జీపుకు లేదు. మీరు పాత ఇంజను వెతికి తెచ్చి పెట్టించినా సరే, డీజిలు ఇంజను దించేముందు ఫోటోలు తీయండి. దాన్ని ఏ ఏడు, ఏ షెడ్డులో, ఏ పట్టీలు కోసి బిగించారో చాచాను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఆ కొలతలు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు.

రంగు వేసేముందు మరొక పని. ఎండ తగలని చోట, డాష్‌బోర్డు కిందనైతే మంచిది, రూపాయి బిళ్ళంత మేర ఉప్పుకాగితంతో నెమ్మదిగా రుద్దండి. ఒక్కొక్క రంగు పొర వలయంలా బయటపడుతుంది, చెట్టు మొద్దులో వలయాల్లాగే. అన్నిటికంటె లోపలి వలయం ఆ జీపు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రంగు. దాని చుట్టూ ఎన్ని వలయాలున్నాయో లెక్కపెట్టండి.