వీపు లేని బీరువా

మన తాతగారి ఊళ్ళలోని పాత ఇళ్ళలో అలమరలు గోడలోనే ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడే మందపాటి గోడలో గూడు విడిచి, అరలు అమర్చి, తలుపులు బిగిస్తారు. అవి పడిపోయే ప్రశ్నే లేదు. అమెరికాలోని మన ఇళ్ళలో చెక్క బీరువా చాలావరకు గోడ ముందు విడిగా నిలబడి ఉంటుంది. కాబట్టి దానిని తయారు చేసేవారు దాని బలాన్ని గురించి ముందే ఆలోచించాలి.

ఉదయం ఫలహారపు గింజలు వచ్చే అట్టపెట్టె ఒకటి ఖాళీ అయ్యాక దాని రెండు చివరలూ తెరవండి. పక్కనుండి నొక్కితే అది ఒరిగి చదునైపోతుంది. ఒక చివర గట్టి అట్టను అంటించి మళ్ళీ నొక్కండి. ఈసారి అంత సులభంగా ఒరగదు.

నాలుగు పలకలు కలిపిన బీరువా చట్రమూ అంతే. మూలలలో ఎన్ని మేకులు కొట్టినా ఊగుతూనే ఉంటుంది. వెనుక పావు అంగుళం ప్లైవుడ్ పలకను అంచుల వెంట జిగురు పూసి స్క్రూలతో బిగిస్తే ఆ ఊగడం ఆగిపోతుంది. అదే బీరువాకు వీపు. ఎవరూ చూడని భాగమని దానిని పలుచని అట్టతో సరిపెట్టేవారు చాలామంది. అది తప్పుడు పొదుపు. బిగించే ముందు చట్రాన్ని మూల నుండి ఎదురు మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానం కాకపోతే, పొడవుగా ఉన్న వైపు మూలలను లోపలికి నొక్కి సరిచేయాలి. లేకపోతే ఆ వంకర అలాగే బిగుసుకుపోయి తలుపులు సరిగా మూతపడవు.

ఇక అరలు. ఒక స్కేలును రెండు పుస్తకాల మీద వంతెనలా ఉంచి మధ్యలో నొక్కితే వంగుతుంది. దానినే అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగదు. అందుకే అర ముందు అంచు కింద ఒక బద్దను నిలువుగా అంటిస్తారు. అర పొడవు రెట్టింపైతే, మధ్యలో అదే బరువుకు వంపు ఎనిమిది రెట్లవుతుంది! మూడడుగుల అరలో పుస్తకాలు పేర్చదలచినవారు నడుమ ఒక నిలువు పలకను ఆధారంగా పెట్టడం మంచిది.

ఎంత బలంగా చేసిన బీరువా అయినా ముందుకు తూలవచ్చు. సొరుగులన్నీ ఒకేసారి లాగితే బరువు ముందుకు వస్తుంది. ఆ సొరుగులను మెట్లనుకొని చిన్నపిల్లలు ఎక్కితే బీరువా వారి మీదనే పడుతుంది. అలా పసిపిల్లలు మరణించినందువల్ల 2016లో అమెరికాలో ఒక సంస్థ సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలవవలసి వచ్చింది.

కాబట్టి బీరువా పైభాగాన్ని ఇనుప పట్టీతో గోడకు బిగించాలి. అయితే ఇక్కడి గోడలు చాలావరకు జిప్సం పలకలు. వాటిలో స్క్రూ గట్టిగా నిలవదు. ఆ పలకల వెనుక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలువు కొయ్యలు ఉంటాయి. స్క్రూ దిగవలసింది వాటిలోనే. గోడ మీద అయస్కాంతాన్ని మెల్లగా జరిపితే, పలకను కొయ్యకు బిగించిన మేకు ఉన్నచోట అది అంటుకుంటుంది. ఈ వెతుకులాట మీరు చేయవచ్చు. రంధ్రం వేసే పని మాత్రం పెద్దలది.

ఈ శనివారం మీ గదిలోని బీరువాకు అటువంటి పట్టీ ఉన్నదో లేదో అమ్మానాన్నలతో కలిసి చూడండి. చూడడానికి బీరువా ఎక్కకండి సుమా!